నాలుగు గంటల చూపరి

ఆయన నాకు చుట్టం కాదు. పేరేమిటో నేనెప్పుడూ అడగలేదు. ఏడాదికి ఒక్క శనివారం, అదీ నాలుగు గంటల సేపు, పలాస పార్కులో కనిపించేవాడు. ఏడుసార్లు చూశాను. అన్నీ కలిపితే ఇరవై ఎనిమిది గంటలు. లెక్కల టీచర్ని కాబట్టి ఆ లెక్క తప్పలేదు. తప్పింది వేరే.

ప్రతి చలికాలం ఆ పార్కులో మూడు రోజులు బొమ్మల పండగ జరుగుతుంది. పండగంటే పెద్ద ఆర్భాటమేమీ ఉండదు. చెట్ల మధ్య వెదుళ్ళు పాతి, తాళ్ళు కట్టి, బొమ్మల్ని వేలాడదీస్తారు. గాలి వస్తే ప్రకృతి దృశ్యాలు, దేవుళ్ళు, బుర్రమీసాల ముసలాళ్ళు అందరూ కలిసి ఊగుతారు. జీడిపిక్కలు కాల్చే ఘాటు ఊరంతా ఉన్నట్టే అక్కడా ఉంటుంది. శ్రీకాకుళం నుంచీ, బరంపురం నుంచీ చిత్రకారులు వస్తారు. నాలాంటి ఆదివారపు చిత్రకారులు కూడా కొందరుంటాం. నేను టెక్కలి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

నేను మొదటిసారి పెట్టిన బొమ్మ ఉద్దానం కొబ్బరితోట. వెనకాల సముద్రం, ముందు అయిదు చెట్లు, వాటి మీద సాయంత్రపు ఎండ. చూసినవాళ్ళు "బాగుందండీ" అని వెళ్ళిపోతున్నారు. శనివారం పదకొండు గంటలప్పుడు ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, పంచె మోకాళ్ళ పైకి కట్టాడు. ఛాతీ మీదా, మోచేతుల లోపలివైపూ చర్మం నల్లగా, మందంగా, తోలులా ఉంది. నా బొమ్మ ముందు నిలబడి చెప్పులు విప్పాడు.

దండం పెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు. మొదటి చెట్టు మొదలు దగ్గర చూపు పెట్టి మెల్లగా పైకి వెళ్ళాడు. చూపుతో పాటు గడ్డం లేచింది. కాళ్ళ బొటనవేళ్ళు నేలను పట్టుకున్నాయి. పైదాకా వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చి, రెండో చెట్టు దగ్గర మొదలుపెట్టాడు. అయిదు చెట్లూ అయ్యేసరికి పావుగంట పట్టింది.

"ఈ బొమ్మ ఎవులేసినారు?" అన్నాడు.

"నేనే తాతా."

"తాతేటమ్మా? నాకింకా పళ్ళూడనేదు. సిన్నాన్న అను." మళ్ళీ బొమ్మ వైపు తిరిగాడు. "ఇయ్యి కొబ్బరి సెట్లేనా?"

"అవును చిన్నాన్నా."

"నానెక్కలేను."

అర్థం కాలేదు నాకు.

"నలబై ఏళ్ళై సెట్లెక్కి కాయలు దింపుతన్నాను. ఈ సెట్టెక్కితే నడిమికి ఇరిగి కింద పడతాను. మొదలు సన్నంగా ఎట్టినావు, నడుము లావుగా ఎట్టినావు. కొబ్బరి సెట్టు మొదలుకాడ బుడిపిలాగ ఉబ్బి, ఆ పైన ఒకే లావు ఎల్తాది. మట్టలన్నీ కిందకే ఏలాడదీసినావు. లేత మట్ట ఆకాశంకేసి సూత్తాది గానీ, ఇలగ తల దించుకోదు. కాయలు సూడు, ఆవు మెళ్ళో గంటల్లాగున్నాయి. గెల ఏదమ్మా? గెల నేకండా కాయెక్కడ పట్టుకుంటాది?"

పక్కన నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బొమ్మంటే ఫొటో కాదనీ, చిత్రకారులకు స్వేచ్ఛ ఉంటుందనీ ఏవేవో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "అయుంటాది" అని, చెప్పులు తొడుక్కుని తర్వాతి బొమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడ మళ్ళీ చెప్పులు విప్పాడు.

ఆ ఆదివారం నందిగాం పోయే దారిలో బస్సు దిగి ఒక కొబ్బరి చెట్టు ముందు నిలబడ్డాను. పుట్టిందీ పెరిగిందీ ఈ జిల్లాలోనే. రోజూ వాటి మధ్య నుంచే బస్సులో తిరుగుతాను. కానీ ఆయన చెప్పిన బుడిపె ఆ రోజే చూశాను. లేత మట్టలు నిజంగానే ఆకాశంకేసి చూస్తున్నాయి.

మరుసటి ఏడు కొత్త చెట్లు వేసి పెట్టాను. ఆయన వచ్చాడు. మొదటి చెట్టు ఎక్కాడు. దిగాడు. "నడుంకాడ కూసింత జారుతాది గానీ ఎక్కొచ్చు" అన్నాడు. అంత మెప్పు నాకు ఏ పెద్దవాళ్ళ దగ్గరా దొరకలేదు.

ఆ ఏడు ఆయన వెంట నేనూ కొంతసేపు తిరిగాను. గేటు దగ్గర బడిపిల్లలు వేసిన బొమ్మల నుంచి మొదలుపెట్టి, ఒక్కటి కూడా వదలకుండా, వరసలో చూసేవాడు. బాగున్నవీ బాగోనివీ అన్న తేడా లేదు. దేనికిచ్చే సమయం దానికి ఇచ్చేవాడు. బరంపురం నుంచి వచ్చిన ఒక యువకుడు నల్లరంగూ గోధుమరంగూ కలిపి పూసిన పెద్ద కాన్వాసు పెట్టాడు. అందరూ దాన్ని దాటి పోతున్నారు.

"ఇదేటి బాబూ?" అన్నాడు చిన్నాన్న.

"మీకేమనిపిస్తే అదేనండి" అన్నాడు అతను, వాళ్ళందరూ అనే మాటే.

"నాకనిపించీదే అయితే నువ్వెందుకేసినావు?"

చిన్నాన్న మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. పది నిమిషాలు చూసి, "కొబ్బరి పీసు నానేసిన గుంటలాగున్నాది. ఆ నల్లటికాడ అడుక్కి దిగిపోయిన నీరు. వాసన కూడా వత్తంది" అన్నాడు. ఆ యువకుడు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి బయట అలాంటి గుంటే ఉండేదట.

కొబ్బరి చెట్లెక్కే మనిషికి ఈ బొమ్మల పిచ్చి ఎక్కడిదా అని అప్పటికి అడగాలనిపించింది.

"పిచ్చేటి తల్లీ! మా ఇంటిదానికి కిడ్నీలు పోనాయి. మంగళ, లచ్చి, శనివారాలు ఇక్కడ ఆసుపత్రికి తెత్తాను. మిషన్ మీద ఎట్టినారంటే నాలుగు గంటలు. సూదులు గుచ్చినంతసేపూ సెయ్యి పట్టుకుంటాను, ఆనక బైటికొచ్చీమంటారు. పోయినేడు నీడ కోసం ఇలగొచ్చినాను. సూత్తే సెట్ల నిండా బొమ్మలు."

మా వైపు ఈ మాట విని ఎవరూ ఉలిక్కిపడరు. ప్రతి వీధిలో ఆ జబ్బుతో ఒకరిద్దరున్నారు. నేనూ "అయ్యో" అన్నాను. అంతే. ఆవిడ ఎలా ఉందనీ, ఏ వార్డులో ఉందనీ అడగలేదు. ఆసుపత్రి పార్కుకు ఆరేడు నిమిషాల నడక.

తర్వాత తుఫాను వచ్చింది.

ఒక్క రాత్రిలో ఉద్దానం నేలకొరిగింది. మూడోనాడో నాలుగోనాడో మా టీచర్లం చందాలు వేసుకుని బియ్యం, కొవ్వొత్తులు, నీళ్ళ డబ్బాలు ఒక వ్యానులో వేసుకుని మందస దాటి లోపలి ఊళ్ళకు వెళ్ళాం. రోడ్డుకు రెండు పక్కలా చెట్లు ఒకే వైపుకు పడి ఉన్నాయి, ఎవరో తల దువ్వినట్టు. ఆకాశం ఎప్పుడూ లేనంత పెద్దదిగా కనిపించింది. ఒకచోట వ్యాను ఆగింది. ముందు ఎవరో రోడ్డు మీది మానును పక్కకు దొర్లిస్తున్నారు. కిటికీలోంచి చూస్తే, పడిపోయిన చెట్టు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఛాతీ మీది నల్లటి తోలు చూసి గుర్తుపట్టాను. చిన్నాన్నే.

ఫోను తీసి ఫొటో తీశాను. పిలుద్దామనుకునేలోగా వ్యాను కదిలింది. ఆపమని అనలేదు. చీకటి పడేలోగా ఇంకా మూడు ఊళ్ళు తిరగాలి అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ ఫొటో పెట్టుకుని రెండు నెలలు బొమ్మ వేశాను. కూలిన తోట, మధ్యలో మాను మీద ముసలివాడు, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు. వేళ్ళ సందుల్లోంచి తడి. వేస్తున్నప్పుడు నాకూ ఏడుపు వచ్చింది. అంత బాగా నేను ఎప్పుడూ వేయలేదు.

ఆ ఏడు పండగలో దానికి మొదటి బహుమతి వచ్చింది. శుక్రవారం సాయంత్రం ప్రకటించారు. శనివారం పొద్దుటికి దాని మీద ఎర్ర రిబ్బను కట్టారు. ముందు జనం గుమిగూడారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పదకొండున్నరకు చిన్నాన్న ఆ వరసలోకి వచ్చాడు. ఎవరో గుర్తుపట్టారు. "ఈయనే! బొమ్మలో తాత ఈయనే!" అని కేక. ఫోన్లు లేచాయి. ఆయన్ని లాక్కొచ్చి బొమ్మ పక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. ఒకమ్మాయి, "తాతా, అలాగే చేతుల్లో మొహం పెట్టుకోండి" అంది. ఆయన పెట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, అందరూ అయిపోయేదాకా నిలబడ్డాడు.

జనం పలచబడ్డాక చెప్పులు విప్పి బొమ్మ చూశాడు. ఈసారి ఏ చెట్టూ ఎక్కలేదు. ఎక్కడానికి నిలబడ్డ చెట్టు అందులో లేదు. తన మొహం దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు.

"టీచరమ్మా, ఆ దినం నువ్వొచ్చినావా?"

"వ్యాన్లో వచ్చాను చిన్నాన్నా. దిగడానికి కుదర్లేదు."

"నన్ను సూసినావు."

"చూశాను."

"మరి నానేటి సేత్తన్నానో సూణ్ణేదేటి?"

ఆయన గొంతు పెంచలేదు. కోప్పడితే బాగుండును.

"నన్ను ఏడిపించీసినావమ్మా. ఆ దినం నాకు ఏడవడానికి కాళీ నేదు. తుఫానొచ్చిన కాడ్నించి మా ఇంటిదానికి మిషన్ నేదు. కాళ్ళుబ్బిపోనాయి, మొకముబ్బిపోయింది, ఊపిరాడక కూకునే ఉన్నాది. ఊరు కాడ్నించి పెద్దరోడ్డుకి ఎటు సూసినా మానులే. ఇంకో ముగ్గుర్ని కేకేసి తెల్లారకుండా మొదలెట్టినాం. నానెక్కిన సెట్లే. ఏ సెట్టు ఎవుల్దో, ఎన్ని కాయలు కాసీదో అన్నీ తెల్సు నాకు. ఆటినే నరుక్కుంటా వచ్చినాం. పద్నాలుగు మానులు. ఆఖర్న నువ్వు సూసినప్పుడు ఆకలేసి కూకున్నాను. కోడలు అంబలి తెచ్చింది. తాగుతన్నాను."

నేను ఫోను తీశాను. ఆ ఫొటో రెండు నెలలు రోజూ చూసిందే. మాను కుడిపక్క ఆనించిన గొడ్డలి ఉంది. ఆయన చేతుల్లో సత్తుగిన్నె ఉంది. నోటికెత్తి పట్టుకున్నాడు. మొహం కనబడకపోవడానికి కారణం ఆ గిన్నె.

నాకు తెలియక కాదు. గిన్నె చూశాను. గొడ్డలీ చూశాను. మొదటి స్కెచ్చులో రెండూ వేశాను కూడా. గిన్నె ఉంటే దుఃఖం పలచబడుతోందనిపించి చెరిపేశాను. గొడ్డలి ఉంటే ఆ మనిషే చెట్లు నరికినట్టుందనిపించి తీసేశాను. ఆయనతో ఆ మాటే చెప్పాను. దాచలేదు.

ఆయన మళ్ళీ బొమ్మ వైపు తిరిగాడు.

"గొడ్డలి నేకపోతే మా ఇంటిది బతికీది కాదు గదమ్మా" అన్నాడు. "ఆ బొమ్మ సూసినోళ్ళు నన్నేటనుకుంటారు? ఇంటికాడ పెళ్ళాం సచ్చిపోతంటే ముసలోడు మాను మీద కూకుని కొబ్బరి సెట్ల కోసం ఏడిసినాడనుకోరా?"

నేను లేచి రిబ్బను విప్పాను. తాడు మీది నుంచి బొమ్మ దించి కుర్చీకి ఆనించాను. రంగుల పెట్టె తెరిచాను. పండగ నడిపించే డ్రాయింగ్ మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి మేడమ్, బహుమతి ఇచ్చిన బొమ్మ మీద చెయ్యి వెయ్యకూడదు. రేపు పత్రికల వాళ్ళొస్తారు" అన్నాడు.

"బహుమతి రెండోవాళ్ళకిచ్చేయండి సార్."

"ఎందుకండీ? ఇంత బాగున్నదాన్ని..."

"అబద్ధం వేశాను" అన్నాను. అనేసరికి ఏడుపు వచ్చింది. రెండు నెలలుగా వచ్చిన ఏడుపులాంటిది కాదు.

మాస్టారు మంచివాడు. ఇంకేమీ అనకుండా బహుమతి షీల్డు మీది నా పేరు చీటీ తీయించాడు. చిన్నాన్న నా పక్కన గడ్డిలో కూర్చున్నాడు. ముందు మొహం మీది చేతులు గీకేశాను. గిన్నె ఎలా పట్టుకున్నాడో చూపించమంటే, పక్కనున్న టీ గ్లాసు తీసుకుని రెండు చేతులతో పైకెత్తి చూపించాడు. చుట్టూ మళ్ళీ జనం మూగారు. ఈసారి ఫోన్లు ఎవరూ ఎత్తలేదో, నేనే చూడలేదో.

"అరిచేతులు కిందకుండాలి. బరువు కదా."

"ఇలాగా?"

"ఇంకా కిందకి. ఆ... అలగ. మెడ ఎనక్కి."

గిన్నె పూర్తవకుండానే ఆయన టైము అడిగాడు. రెండు కావస్తోంది. "మిషన్ మీంచి దించీసుంటారు" అని గబగబా లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "గొడ్డలి మర్సిపోకమ్మా" అని కేకేసి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు కొత్త బొమ్మలే పెట్టాలన్న నిబంధన ఉన్నా, మాస్టార్ని బతిమాలి ఆ బొమ్మను చివరి వరసలో పెట్టించాను. ఏ రిబ్బనూ లేదు. దాని ముందు ఎవరూ ఆగలేదు. ఒక ముసలాయన మాను మీద కూర్చుని అంబలి తాగుతున్నాడు, పక్కన గొడ్డలి, అంతే. చిన్నాన్న మాత్రం పావుగంట చూశాడు.

"గొడ్డలి పిడి పొట్టిదైపోయింది" అన్నాడు. మళ్ళీ తనే, "పోన్లే, పక్కింటోడి గొడ్డలనుకుంటాను" అని నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి. పళ్ళు నిజంగానే అన్నీ ఉన్నాయి.

కరోనా రెండేళ్ళు పండగ జరగలేదు. మూడో ఏడు చిక్కిపోయి కనిపించాడు. "మేమిద్దరం ఉన్నాం. నువ్వున్నావా?" అని పలకరించాడు. ఎక్కడానికి పెద్ద చెట్లు లేక, కొత్త మొక్కలకు గోతులు తవ్వే పనికి పోతున్నానన్నాడు. పోయిన ఏడు వచ్చినప్పుడు మాత్రం ఒక సంచీలో రెండు కొబ్బరి బొండాలు తెచ్చాడు. తుఫాను తర్వాత వేసిన పొట్టిరకం చెట్టు కాసిందట.

"ఎక్కి కోశావా చిన్నాన్నా?"

"ఎక్కీదేటి? నిలబడే కోసినాను. సెట్టంటే మెడెత్తి సూడాల. ఇదేటి, దూడని నిమిరినట్టు తల నిమరొచ్చు." విసుక్కున్నట్టే అన్నాడు గానీ, నేను రెండూ తాగేదాకా ఎదురుగా నిలబడ్డాడు.

ఈ ఏడు శనివారం పదకొండయింది, పన్నెండయింది. ఆయన రాలేదు. నేను మూడుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చాను. మూడోసారి గేటు దగ్గర ఒక ఆటో అతను పలకరించాడు. ఊళ్ళ నుంచి రోగుల్ని ఆసుపత్రికి తెచ్చి తీసుకెళ్ళే అతను. చిన్నాన్న ఆ ఆటోలోంచి దిగుతుండగా వెనకటి ఏళ్ళలో చూశాను.

"మావ కోసం సూత్తన్నారేటి టీచరమ్మా? మావ పోనాడు. వానల్లోనే. పొద్దున్నే టీ తాగి అరుగు మీద కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడు."

పార్కులో మైకు ఏదో చెబుతోంది.

"మరి ఆవిడ?"

"ఉన్నాది. నానే తెత్తన్నాను. ఇప్పుడు మిషన్ మీదున్నాది."

ఆరేడు నిమిషాల నడకే. ఇన్నేళ్ళకు నడిచాను.

వార్డులో పది మంచాలు, పది యంత్రాలు. ఎర్రటి గొట్టాలు తిరుగుతున్నాయి. నర్సును అడిగితే కిటికీ పక్క మంచం చూపించింది. స్వెట్టరు మీద తువ్వాలు కప్పుకుని, గుప్పెడంత మనిషి. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నేను ఎవరో చెప్పబోతుంటే ఆవిడే అంది:

"టెక్కలి టీచరమ్మవేనా? కళ్ళద్దాలు కొత్తయ్యి కొన్నావేటి? పాతయ్యి నల్లయ్యని సెప్పినాడు."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను.

"ఆయన... నా గురించి చెప్పేవాడా?"

"నీ గురించేటి, అందరి గురించీ సెప్పీవోడు. మీ పార్కుల బొమ్మలన్నీ నాను సూసినానమ్మా. ఈ మంచం దిగకండా సూసినాను. మిషనెక్కినాక ఒకటే ఒణుకు. ఒణుకు తెలీకండా ఉంటాదని ఆ తలుపుకాడ నిలబడి బొమ్మ సెప్పీవోడు. నర్సమ్మలు మొదట తిట్టీవోరు, తర్వాత ఆళ్ళే లోపలికి పిలిసీవోరు. ఒక దినం ఒక బొమ్మే. అడిగినా రెండోది సెప్పీవోడు కాదు. అన్నీ ఒకేసారి సెప్పీసినాననుకో, ఏడాదంతా ఏటి సెప్పను అనీవోడు."

మంగళ, గురు, శనివారాలు. ఏడాదికి నూట యాభై ఆరు పూటలు. ఆ నాలుగు గంటల్లో ఒక్క బొమ్మ కూడా వదలకుండా ఆయన ఎందుకు చూశాడో నాకు అప్పుడు తెలిసింది.

పక్క మంచం మీది పెద్దాయన ఇటు తిరిగాడు. "మాక్కూడా వినిపించీదమ్మా. ఆ నల్లరంగు గుంట బొమ్మ నెల్రోజులు సెప్పించుకున్నాం మేము" అన్నాడు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. ఆయన ఎలా పోయాడో, తర్వాత ఏమైందో చెబుతుందనుకున్నాను. నేను కూడా ఏదో ఓదార్పు మాట సిద్ధం చేసుకున్నాను. ఆవిడ అడిగింది అది కాదు.

"ఈ ఏడు ఏటేటి ఎట్టినారమ్మా?"

"నేను ఒకటి పెట్టాను. మా టెక్కలి సంత..."

"నీది దాని వొంతొచ్చినప్పుడు సెప్పుదువు. గేటుకాడ మొదలెట్టు. మొదటి బొమ్మ ఏటి?"

నాకు తెలియదు. నిన్న పొద్దుట్నుంచీ ఆ గేటులోంచి ఎన్నిసార్లు తిరిగానో. బడిపిల్లల బొమ్మలున్నాయని తెలుసు. మొదటిదేమిటో తెలియదు. రెండోదీ తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ పండగలో నేను చూసింది నా బొమ్మనూ, దాని ముందు ఆగినవాళ్ళనూ మాత్రమే.

"ఇంకెంతసేపుంది మిషన్ మీద?" అని నర్సును అడిగాను.

"గంటన్నర."

"ఇప్పుడే వస్తాను" అని లేచాను.

పార్కు గేటు దగ్గర మొదటి తాడుకు మొదట కట్టిన బొమ్మ ఆరో తరగతి పిల్ల ఎవరో రంగు పెన్సిళ్ళతో వేసింది. హరిశ్చంద్రపురం రైల్వే స్టేషను. నేను దాని ముందు నిలబడ్డాను. రెండు నిమిషాల్లో అయిపోయిందనిపించింది. అయినా కదల్లేదు. అయిదో నిమిషానికి బెంచీ కింద పడుకున్న మనిషి కనిపించాడు. పదో నిమిషానికి అతని చెయ్యి సంచీ పట్టుకుని ఉందని తెలిసింది. దాని తర్వాత రెండోది, మూడోది. డ్రాయింగ్ మాస్టారు, "మేడమ్, మీ బొమ్మ దగ్గర ఎవరో అడుగుతున్నారు" అని పిలిచాడు. ఉండమనండి అన్నాను. టైము చూసుకునేసరికి నాలుగు బొమ్మలే అయ్యాయి.

వార్డుకు తిరిగి వచ్చేసరికి ఇంకా పావుగంటే ఉంది. ఆవిడ తలగడ ఎత్తు చేయించుకుని తలుపువైపే చూస్తోంది. మొదటి మాట నాకే వినబడనంత మెల్లగా అన్నాను. నలభై మంది పిల్లల ముందు ఇరవై ఏళ్ళుగా మాట్లాడుతున్నదాన్ని.

"కూసింత గట్టిగా సెప్పమ్మా" అన్నాడు పక్క మంచం పెద్దాయన.

"హరిశ్చంద్రపురం స్టేషను" అని మొదలుపెట్టాను. "ప్లాట్‌ఫారం మీద బెంచీ. బెంచీ మీద మేక నిలబడింది."

"కూకోనేదా?"

"లేదు. నిలబడి పేపరు తింటోంది. పక్కన చేపల బుట్ట పెట్టుకుని ఒకావిడ, రేకుల కిందే ఉంది గానీ గొడుగేసుకుంది."

"రేకు కారుతాదేమో" అంది ఆవిడ.

నిజమే. రేకు మీద ఆ పిల్ల చిన్న చిన్న చుక్కలు పెట్టింది. రంగు అంటుకుందనుకున్నాను. "అవును, కారుతోంది" అన్నాను.

"మేక ఎవుల్ది?"

"బెంచీ కింద ఒకతను పడుకున్నాడు. అతనిదేమో. చేతిలో తాడు లేదు. సంచీ ఉంది."

"రైలొచ్చీసిందా?"

"వస్తోంది. ఇంజను సగమే కనిపిస్తోంది."

ఎదురు మంచం మీది అమ్మాయి కూడా ఇటు తిరిగింది. యంత్రం కూత పెట్టింది. నర్సు వచ్చి గొట్టాలు విప్పడం మొదలుపెట్టింది. సూది తీస్తుంటే ఆవిడ మొహం ముడుచుకుంది, దూది నొక్కి పట్టుకుంది. నేను కంగారుగా, "ఇంకో మూడు బొమ్మలున్నాయి, రెండోదేమో..." అన్నాను.

"ఆపు, ఆపు" అంది ఆవిడ. "ఇయ్యాళ్టికి సాలు. రెండోది మంగళారం సెప్పుదువు గాని."

మంగళవారం నాకు ఆరు పీరియడ్లున్నాయి.

"అలాగే చిన్నమ్మా" అన్నాను.